కరిగే ముఖాల గది

చిట్టా 1. దక్షిణపు గాలి. పెట్టెలో ఖాళీ తక్కువ.

వలల తెప్ప మీద కూర్చుని, ఊళ్ళో అందరి సంగతులూ మాట్లాడుకుంటూ హాయిగా బతికేదాన్ని. మా చిన్నత్త కళ్ళు మసకబారి బొమ్మల గది వదిలేసింది. దాంతో నన్ను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. "నీకు ప్రశ్నలెక్కువ గదే ఎర్నమ్మా, అక్కడ కూకోని నీకు నువ్వే అడుక్కో" అన్నాడు మా ఊరిపెద్ద మాసేనయ్య మామ. కొత్త పనిలోకి వచ్చినవాళ్ళు చిట్టా రాయాలన్నది తెప్పవూరి కట్టుబాటు. అందుకని రాస్తున్నాను, సరదా పుట్టి కాదు.

గదిలో ఒక అద్దం, ఒక పెట్టె, బయటికి పట్టుకెళ్ళి బొమ్మ తీసే ఒక కన్ను. బొమ్మ అద్దంలో కనిపిస్తుంది, పెట్టెలో దాగుతుంది. ఒడ్డు మునిగినప్పుడు మా తాతలు వలలతో పాటు మోసుకొచ్చిన పెట్టె ఇది. ఇంకొకటి చేసుకునే తెలివీ సరుకూ మా దగ్గర లేవు. కాబట్టి ఏ బొమ్మని ఎలా దాచాలన్నదే ఇక్కడి పనంతా.

చిన్నత్త నేర్పింది నేర్పినట్టు రాస్తాను. ముఖాలకీ, ఇంకా మునగని ఒడ్డు నుంచి రేడియోలో వచ్చే మబ్బుల బొమ్మలకీ పిండు బొమ్మ. పాతవాళ్ళు దీన్ని జేపెగ్ అనేవారట. కంటికి ఆనని వివరాన్ని పారేసి, మిగిలింది చిన్న చోట్లో సర్దుతుంది. పీపాల మీది గుర్తులకీ, జెండా మీది చేపకీ గీత బొమ్మ. అందులో రంగు చుక్కలు ఉండవు, ఇక్కణ్ణించి ఇక్కడికి గీత గియ్యి అన్న మాట మాత్రమే ఉంటుంది. ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. ఇక తెప్పల అతుకులకి నిండు బొమ్మ. ఒక్క చుక్క కూడా పారెయ్యదు, చోటు మాత్రం బకాసురుడిలా తింటుంది. అయినా తప్పదు. అతుకులో వెంట్రుకంత పగులు కనబడకపోతే తెప్పకి తెప్ప విడిపోయి ఊరు ఊరంతా నీళ్ళపాలవుతుంది.

"అతుకుల్ని నిండుగా దాస్తాం, మనుషుల్ని పిండి దాస్తామా?" అని అడిగాను.

"మనిసి పగిలితే ఊరు మునుగుద్దేటే?" అంది చిన్నత్త.

చిట్టా 2. అదే గాలి.

మందుల తెప్ప వాళ్ళు పీపాల మీద అతికించే గుర్తు చిరిగిపోయిందని వచ్చారు. తాగే నీళ్ళకి చెంబు, తాగకూడని వాటికి పుర్రె. నా కంటే ముందు ఎవరో పుణ్యాత్ములు ఆ పుర్రెని పిండు బొమ్మగా దాచి ఉంచారు. పెద్దది చేస్తే అంచుల చుట్టూ మురికి పట్టినట్టు మచ్చలు. దూరం నుంచి చూస్తే పుర్రె కూడా చెంబులాగే ఉంది. ఒళ్ళు మండింది. కూర్చుని గీతలతో మళ్ళీ గీసి ఇచ్చాను. ముఖం ఎంత పిండినా ముఖంలాగే కనబడుతుంది గానీ, గీతా అక్షరమూ పిండుడికి ఓర్చుకోవు.

సాయంత్రం పోయినవాళ్ళ బొమ్మలన్నీ ఒకసారి తెరిచి చూశాను. మా ఊళ్ళో పోయినవాళ్ళని నీళ్ళకి ఇస్తాం. సమాధి లేదు, బూడిద లేదు, బొమ్మ ఒక్కటే. ఇంటివాళ్ళు వచ్చినప్పుడు అద్దం మీద నుదుట వేలు పెడతారు, అక్కడ ఎర్రబొట్టు పడుతుంది, నేను దాస్తాను. పోనుపోను ముఖాలు మసకబారతాయి, చదరాలు చదరాలుగా విడిపోతాయి. దాన్ని కరగడం అంటాం. మనిషి నీళ్ళలో కలుస్తున్నాడని అర్థం. ముఖం పూర్తిగా కరిగిపోతే అతను చేరుకున్నాడని ఊరంతా ఒప్పుకుని బొమ్మ చెరిపేస్తాం. అప్పుడే ఆ పేరు కొత్తగా పుట్టినవాళ్ళకి పెట్టుకోవచ్చు. నాకు మా అమ్మమ్మ పేరు అలాగే వచ్చింది.

ఇదంతా నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిందే. తెలియనిది ఇవాళ చూశాను. కాటయ్య అని ఒకడు ఉండేవాడు. తాగి తాగి, అందరితో తగాదాలు పెట్టుకుని, నా చిన్నప్పుడే పోయాడు. వాడి బొమ్మ నిన్న తీసినట్టుంది. గడ్డంలో నెరిసిన వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి.

చిట్టా 3. గాలి లేదు.

కొర్లమ్మ వచ్చింది. ఉప్పు తెప్ప మీద పని చేస్తుంది, నాకంటే చిన్నది, నన్ను అక్క వరసన అప్పా అంటుంది. ఆమె కొడుకు సోమేసు ఏడేళ్ళవాడు జ్వరంతో పోయి కొన్నాళ్ళయింది. మిగతావాళ్ళు ఏడాదికోసారి నీళ్ళపండగకి వచ్చి బొట్టు పెట్టి వెళ్తారు. కొర్లమ్మ ఉప్పు దించడానికి ఇటు వచ్చినప్పుడల్లా వస్తుంది, అంటే దాదాపు రోజు విడిచి రోజు.

అద్దం మీద వాడి బొమ్మ తెరిచాను. రెండు నల్ల మరకలు కళ్ళు కావచ్చు. నోటి చోట బూడిదరంగు చదరాలు.

"సూడప్పా, నవ్వుతన్నాడు" అంది.

నాకు నవ్వు కనిపించలేదు. అవునన్నాను.

బొట్టు పెట్టింది. కొంగుతో అద్దం తుడిచింది. తర్వాత అసలు మాట చెప్పింది. ఆమె తమ్ముడికి కొడుకు పుట్టాడు. నీళ్ళపండగ నాడు మాసేనయ్య మామ వచ్చి సోమేసు ముఖం చూస్తాడట. కరిగిపోయిందని తేలితే బొమ్మ చెరిపేసి, ఆ పేరు పసివాడికి పెడతారు.

"ఊళ్ళో ఏటంటన్నారో ఎరుగుదువా? కాటయ్యలాంటోడే ఎల్లకుండా ఉన్నాడు, నీ కొడుక్కి నీ మీద మమకారం నేదు, అందుకే తొందరగా ఎల్లిపోతన్నాడంటన్నారు. నిజమేనా అప్పా?"

"అనేవాళ్ళ నోళ్ళు అలాగే ఉంటాయి, పట్టించుకోకు."

"నువ్వు గదిలో ఉన్నావు గదా. ఆణ్ణి కాస్త ఆపలేవా?"

చూస్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, ఆమె మాత్రం కళ్ళు తుడుచుకుని నిశ్చింతగా వెళ్ళింది.

చిట్టా 4. తూర్పు గాలి.

మాసేనయ్య మామని తెడ్ల తెప్ప మీద పట్టుకుని కాటయ్య ఎందుకు కరగడం లేదని అడిగాను.

"ఆడు వదల్నోడే. బతికున్నప్పుడు సారాకుండ వదల్నేదు, ఇప్పుడు ఊరు వదల్డు" అన్నాడు.

"మరి మా అమ్మమ్మ? ఆవిడ ఊరిని అంతకంటే గట్టిగా పట్టుకుంది కదా. పోయేముందు కూడా వలల లెక్క అడిగిందట. ఆవిడ కరిగింది కదా?"

"నీకు పనేటీ నేదా?" అన్నాడు.

ఉంది. గదికి వచ్చి పోయినవాళ్ళ బొమ్మల్ని మళ్ళీ వరసగా తెరిచాను. తొందరగా కరిగినవాళ్ళెవరు, నిలిచినవాళ్ళెవరు అని చూశాను. మంచితనానికీ దానికీ సంబంధం లేదు. వయసుకి లేదు. పోయిన కాలానికీ లేదు. గయ్యాళి మంగమ్మ దాదాపు పూర్తిగా కరిగింది, ఎందుకంటే ఆవిడకి ఏడుగురు కూతుళ్ళు, ఏడుగురూ విడివిడిగా వస్తారు. నోట్లో నాలుక లేని బుడ్డయ్య సగం కరిగాడు. ఒంటరిగా పోయిన పరాయి ఊరి పడవవాడు చెక్కుచెదరలేదు. కాటయ్యకి బొట్టు పెట్టడానికి ఎవరూ రాలేదు, ఒక్కసారి కూడా.

బొట్లు ఎక్కువ పడ్డ ముఖమే ఎక్కువ కరిగింది. అయినా ఒకటి చేసి చూడందే నమ్మకూడదనుకున్నాను.

చిట్టా 5. తూర్పు గాలి, చినుకులు.

పొద్దున్నే ఎదురు తెప్పకి వెళ్ళి, అప్పుడే పట్టిన వంజరం చేపకి బొమ్మ తీసి తెచ్చాను. నిగనిగలాడే చేప. పిండు బొమ్మగా దాచాను. తెరిచాను, చేప నుదుట బొట్టు పెట్టాను, దాచాను. మళ్ళీ తెరిచాను, మళ్ళీ బొట్టు, మళ్ళీ దాచడం. ఎవరైనా చూస్తే పిచ్చిదాన్ననుకునేవారు.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత పొలుసుల మీది చారలు పోయాయి. అన్నం తిని వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. కంటి చుట్టూ చదరాలు లేచాయి. చీకటి పడకముందే వంజరం చేరుకుంది. అసలు చేప ఆ మధ్యాహ్నమే ఎదురు తెప్ప వాళ్ళ పులుసులో చేరుకుందనుకోండి, అది వేరే సంగతి.

జరుగుతున్నది ఇది. బొట్టు సరిగ్గా నడుమకి రావాలని అద్దం బొమ్మని ప్రతిసారీ కాస్త జరుపుతుంది. తర్వాత బొట్టునీ ముఖాన్నీ కలిపి కొత్తగా పిండుతుంది. పిండినదాన్నే మళ్ళీ పిండడం. పిండిన ప్రతిసారీ కొంత పారేస్తుంది. ఒకసారి పిండితే కంటికి ఆనదు, కాటయ్యే సాక్ష్యం. వందసార్లు పిండితే మనిషి మిగలడు. నీళ్ళకీ మమకారానికీ ఇందులో పాత్ర లేదు.

కనిపెట్టానన్న సంతోషం కాసేపు ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. గదిలో ఒక్కదాన్నే గంతేశాను కూడా. అప్పుడు కొర్లమ్మ గుర్తొచ్చింది. ఊళ్ళో అందరికంటే ఎక్కువసార్లు ఆ గుమ్మం తొక్కింది ఆమే.

చిట్టా 6. చినుకులు.

సోమేసు బొమ్మని నిండు బొమ్మగా మార్చి దాచాను. పెట్టెలో బోలెడు చోటు తింది, ముఖం మాత్రం వెనక్కి రాలేదు. ఆ చదరాలే ఇప్పుడు చక్కగా, ఒక్కటీ పోకుండా దాగాయి. పోయాక నిండుగా దాచి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది.

చిన్నత్త దగ్గరికి వెళ్ళి ఇంకెక్కడైనా వాడి బొమ్మ ఉందా అని అడిగాను. బతికున్నవాళ్ళ బొమ్మలు దాచే చోటు ఎక్కడిదే అంది. ఒక్కొక్కరికి ఒక్క ముఖం, అదీ పోయాకే దాచడం, అదే కట్టుబాటు.

అక్కణ్ణించి తిన్నగా మాసేనయ్య మామ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. చేప సంగతి కూడా. ఆయన నవ్వుతాడనుకున్నాను. చెక్కుతున్న తెడ్డు పక్కన పెట్టాడు.

"నా తల్లి పోయినాక అన్నం సయించేది కాదు. ఆవిడ ముకం కరిగిపోయిన్నాడు మా నాయన అన్నాడు, సేరుకున్నాదిరా, ఇంక తిను అని. ఆవేళ కడుపునిండా తిన్నాను. నీళ్ళు తీసుకెల్తన్నాయంటే ఓర్సుకున్నాం ఎర్నమ్మా. పెట్టె తినేస్తన్నాదంటే ఎలాగోర్సుకుంటాం?"

"అబద్ధాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు ఓర్చుకుంటాం మామా?"

"సెప్పొద్దన్నేదు. కానీ కొర్లమ్మకి సెప్పీటప్పుడు సగం సెప్పడానికి ఉండదు. ఎన్నిసార్లొస్తే అంత కరిగిపోనాడని గూడా సెప్పాల. నీ నోరొస్తాదా?"

రాదు. ఇవాళ కొర్లమ్మ వచ్చింది. తల నొప్పిగా ఉందని గది తలుపు తెరవలేదు.

చిట్టా 7. గాలి మళ్ళింది, ఉత్తరం.

ఇవాళ్టిది వరసగా రాస్తాను. అతుకులు బిగించే ఎల్లాజీ పొద్దున్నే వచ్చాడు. ఉప్పు తెప్పకీ గింజల తెప్పకీ మధ్య ఉన్న పాత అతుకు తీసేసి కొత్తది వేశాడట. కొత్త అతుకు బొమ్మ దాచి, పాత అతుకు బొమ్మలన్నీ చెరిపెయ్యమన్నాడు. అతుకు ఉన్నంతకాలమే దాని బొమ్మలు ఉంచుతాం, తీసేశాక వాటితో పని లేదు.

"చెరిపేముందు ఒకసారి చూడనీ" అన్నాను.

"అతుకులో సూడ్డానికేటుంటాదప్పా? నువ్వు సేపలకి బొట్లెడతన్నావని ఊరంతా నవ్వుతన్నారు" అన్నాడు.

తెరిచాను. నిండు బొమ్మ ఎంత బాగుంటుందో అప్పుడు చూశాను. తాడు పోగులు విడివిడిగా ఉన్నాయి. తారు మీద నీటి బొట్లు. పగులు పక్కన ఒక చెప్పులేని పాదం.

"ఈ కాలు ఎవరిది?"

"కొలతకి. పక్కన మనిసి నేకపోతే పగులు జానెడో బారెడో ఎలాగ తెలస్తాది? దగ్గిర్లో ఏ గుంటడుంటే ఆణ్ణి నిలబెడతాం. గుప్పెడు వేయించిన రొయ్యలిస్తే పగలంతా నిలబడతారు."

ఆ అతుకు ఒక చివర ఉప్పు తెప్ప. ఉప్పు తెప్ప మీద పెరిగిన పిల్లలెవరో నాకు తెలుసు.

ఒక్కొక్కటే తెరుచుకుంటూ వెళ్ళాను. కాళ్ళు, మోకాళ్ళు, ఒక అరచెయ్యి, ఎవరిదో జడ. ఎల్లాజీ విసుగెత్తి గుమ్మంలో కూర్చున్నాడు. ఎప్పుడో ఒక పెద్ద పగులు వచ్చిందట, దానికి పిల్లవాడిని నిలువునా నిలబెట్టి తీశారు. ఎండకి కళ్ళు చికిలించాడు. రెండు చేతులూ బారచాపి పగులు ఇంత అని చూపిస్తున్నాడు. పై పన్ను ఒకటి లేదు. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది, రొయ్యలు మింగకుండా దాచుకున్నట్టున్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఎల్లాజీ కంగారుపడి లేచాడు.

"పగులు అంత పెద్దదేటప్పా?" అన్నాడు.

చిట్టా 8. నీళ్ళపండగ. గాలి తగ్గింది.

నిన్నంతా ఇంకో పని చేశాను. ముఖాన్ని ముట్టకుండా బొట్టుని వేరే దాచవచ్చా అని. వచ్చు. రంగు లేని గాజులాంటి బొమ్మ ఒకటి ఉంది, పడవ దారులు పటం మీద వేసి చూడడానికి వాడతాం. అందులో బొట్టు ఒక్కటే ఉంటుంది, మిగతాదంతా కనబడని ఖాళీ. ముఖం మీద పరిస్తే బొట్టు పెట్టినట్టే ఉంటుంది. ముఖాన్ని ఇంకోసారి పిండనక్కర్లేదు. ఒకసారి పిండిన ముఖాలు అలాగే ఉండనిస్తే చాలు, చోటు కూడా అడగవు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదంటే, కరగడం అందరికీ ఏదో ఒక విధంగా అవసరమైందేమో.

మాసేనయ్య మామ పండగ పంచె కట్టుకుని వచ్చాడు. కొర్లమ్మ వచ్చింది. ఆమె తమ్ముడూ మరదలూ పసివాణ్ణి ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. మామతో పొద్దున్నే అంతా చెప్పాను. "ముందు ఆనవాయితీ అవనీ" అన్నాడు.

అద్దం మీద కరిగిన ముఖం తెరిచాను. మామ అడగవలసిన మాట అడిగాడు.

"కొర్లమ్మా, నువ్వు తల్లివి. ముకం తెలస్తన్నాదా?"

ఆ మాటకి అబద్ధం చెప్పకూడదు. కొర్లమ్మ అద్దం వైపు చాలాసేపు చూసింది. మొన్న నవ్వుతున్నాడన్న మనిషి.

"నేదు" అంది.

నేను ఇక ఆగలేదు. అతుకు బొమ్మ తెరిచాను. తాళ్ళు, తారు, పగులు, దాని పక్కన వాడు.

కొర్లమ్మ అద్దం దగ్గరికి జరిగింది. ముందుకి వంగింది. "పన్నూడిన్నాడు తీసింది ఇది" అంది మెల్లగా. "ఊడిన పన్ను నీళ్ళలో ఇసిరీసి, సేపకి దంతాలొస్తాయమ్మా అన్నాడు." తర్వాత నా వైపు తిరిగింది. "ఇక్కడిలాగుంటే, అక్కడెందుకలాగైపోనాడు?"

చెప్పాను. చేప దగ్గర్నుంచి కాటయ్య దాకా, ఏదీ దాచకుండా. మధ్యలో ఆమె తన వేళ్ళ వైపు చూసుకోవడం మొదలుపెట్టింది.

"అయితే నానొచ్చి బొట్టెట్టిన పతీసారీ..."

"అవును. నీ వేలు కాదు కొర్లమ్మా, పెట్టె. కానీ అవును."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అయితే ఆడు ఎల్లిపోనేదు" అంది. "ఊరోళ్ళన్నట్టు మమకారం నేక ఎల్లిపోనేదు." అది రెండుసార్లు అంది. రెండోసారి గుమ్మం వైపు తిరిగి తమ్ముడితో అంది.

మాసేనయ్య మామ గొంతు సవరించుకున్నాడు. ఇకమీదట ముఖం చెప్పదు కాబట్టి, చేరుకున్నారో లేదో ఇంటివాళ్ళే చెప్పాలన్నాడు. పేరు సంగతి ఊళ్ళో మాట్లాడి తర్వాత తేలుద్దామన్నాడు.

"తేల్సడానికేటున్నాది మావా? ఆడి మొకం నా దగ్గిరున్నాది. పేరు పిల్లడికి ఎట్టుకోండి. ఇంట్లో ఆ పిలుపినపడి సానా రోజులైపోనాది" అంది కొర్లమ్మ.

ఆమె మరదలు పసివాణ్ణి తెచ్చి ఒళ్ళో పెట్టింది. వాడు నిద్ర లేవలేదు. మామ వెళ్తూ వెళ్తూ నా చెవిలో, "కాటయ్యకి గూడా ఓ బొట్టెట్టీ. పండగ గదా" అన్నాడు. ఎవరి తరఫున అని అడిగితే, నీ ప్రశ్నలు తగలెయ్య అని వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక కూడా కొర్లమ్మ ఉండిపోయింది. అద్దం ముందు కూర్చుని రెండు చేతులూ కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"బొట్టు పెట్టవా?" అన్నాను.

"ఒద్దప్పా. సూస్తాను సాలు."

నేను గాజు బొమ్మ పరిచాను. కొంగు విప్పి ఆమె చెయ్యి బయటికి తీశాను. చెయ్యి ఉప్పు కోసి గరుకుగా ఉంది, వెనక్కి లాగుతోంది.

"ముట్టుకో. ఏమీ పోదు."

వేలు పెట్టింది. ఎర్రబొట్టు పడింది. దాచాను. ఆమె కళ్ళు మూసుకుంది, నేను మళ్ళీ తెరిచి, చూడమన్నాను. ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. అద్దానికి దగ్గరగా జరిగి వాడి కళ్ళూ, పన్ను లేని చోటూ, బారచాపిన చేతులూ ఒక్కొక్కటే వెతుక్కుంది. బుగ్గలో రొయ్యలు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇంకోటెట్టొచ్చా?" అంది.